మూడో ఆవిడ ముక్కు కింద

లండన్,
1931 మే 12, మంగళవారం.

మేనకోడలు లెటీకి,

కాలు విరిగినా చెయ్యి విరగలేదు కాబట్టి మీ మామయ్యే సొంతంగా రాస్తున్నది.

రేవులో నిచ్చెన మీంచి జారినవాణ్ని జారినట్టు ఈస్ట్‌బోర్న్ తీసుకెళ్ళారా, అక్కడివాళ్ళు "ఈ ఎముక మావల్ల కాదు" అని లండన్ పంపారా, ఇక్కడివాళ్ళు నా కాలికి తాడు కట్టి గాల్లోకి వేలాడదీశారు. ముప్ఫయ్యేళ్ళు పీతల్ని వేలాడదీసిన పాపం ఊరికే పోతుందా! కిటికీలోంచి చూస్తే పొగగొట్టాలు తప్ప ఇంకేం లేదు. నిన్న మధ్యాహ్నం చేప పెట్టారు. "అమ్మా, ఇది ఏం చేప?" అని నర్సుని అడిగితే "తెల్ల చేప" అంది. తెల్ల చేపట! నేను నవ్వితే మంచం ఊగింది, మంచం ఊగితే కాలు ఊగింది, కాలు ఊగితే నేను అరిచాను. ఆవిడ వచ్చి నన్నే తిట్టింది.

అసలు సంగతికి వస్తా. జూన్ నెలాఖరుకి నన్ను వదులుతారట. అప్పటిదాకా పడవ నీ చేతిలో పెడుతున్నాను. నలుగురిలో నా తల దించకుండా వేట నడిపావా, పడవ నీదే. నువ్వు ఈస్ట్‌బోర్న్ హోటల్లో ఎవరెవరి పక్కలు దులుపుకుంటూ బతకక్కర్లేదు. తేడా వచ్చిందా, జెత్రో ఫగిల్ రెండేళ్ళుగా పడవ అడుగుతున్నాడు, వాడికి ఇచ్చేస్తా. మేనకోడలివని చూడను.

పీతలు పట్టే బుట్టలు నేను పడిపోయే ముందురోజే వేశాను, ముప్ఫై. మన రేవు దగ్గర్నుంచి పడమరకి తెల్ల సుద్దకొండల్ని లెక్కపెట్టు. మూడో ఆవిడ ముక్కు కింద, ఒడ్డుకి ఇరవై తెడ్డువేట్ల దూరంలో ఉంటాయి.

ఇంకొక్క మాట. ఆ కొండలున్నాయే, ఆ ఏడుగురు అక్కచెల్లెళ్ళనీ నీళ్ళమీద ఉండగా పేరుపెట్టి పిలవకు. పిలిస్తే ఎవరా అని వంగి చూస్తారు. సుద్దకొండ వంగితే కింద ఉన్నవాడి గతేమిటో నీకు చెప్పక్కర్లేదు. మా తాత నాటినుంచీ బర్లింగ్ గాప్‌లో పడవెక్కినవాడెవడూ పిలిచి ఎరగడు. ఉత్తరంలో కూడా నేను రాయను. ఈ కాగితం నువ్వు జేబులో పెట్టుకునే పడవెక్కుతావు, నీ సంగతి నాకు తెలీదా!

నా కోళ్ళకి గింజలు వెయ్యి. వాటికి పేర్లున్నాయి, పిలవచ్చు.

గాల్లో వేలాడుతున్న మీ మామయ్య,
ఈనస్ టిక్నర్


బర్లింగ్ గాప్,
మే 15, శుక్రవారం.

మామయ్యా, మామయ్యా, మామయ్యా!

ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి తర్వాత చదువు. పంట పండింది! మూడు రోజులు వెళ్ళాను, మూడు రోజులూ బుట్టలు పైకి రానంటాయి, అంత బరువు. నా మోచెయ్యంత లాబ్‌స్టర్ ఒకటి వచ్చింది. అది నన్ను చూసిన చూపుకి ఒక్కక్షణం దానికే క్షమాపణ చెప్పాలనిపించింది. పబ్బు నడిపే వికెన్సమ్మ సగం తీసుకుంది, మిగిలింది హోటల్ బండివాడు ఎగబడి పట్టుకుపోయాడు.

నువ్వు చెప్పినట్టే మన రేవునుంచి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. రెండు వేసవులు నీకు తెడ్డు వేసిన మాటే గానీ, "తలొంచుకుని లాగవే" అనడమే తప్ప ఏనాడైనా నన్ను కొండలకేసి చూడనిచ్చావా? ఇప్పుడు తీరిగ్గా చూశాను. ఎంత బావున్నారు మామయ్యా! ఎండ పడితే ఇస్త్రీ దుప్పట్లు ఆరేసినట్టున్నారు. పేరు మాత్రం ఒక్కటీ పలకలేదు. నాలుక చివర దాకా వచ్చింది, కొరికేసుకున్నాను.

బుట్టలకి కట్టిన నీ బెండ్లు పోయినేడు తారు పూసి నల్లగా ఉండేవి కదా, ఈసారి ఎర్రరంగు ఎప్పుడేశావు? దూరాన్నుంచే కనిపిస్తున్నాయి. ఈ వయసులో నీకింత షోకేమిటని నవ్వుకున్నాను.

కోళ్ళు బావున్నాయి. పెద్దది నీకోసం బెంగపెట్టుకుంది అని రాద్దామనుకున్నాను గానీ, అబద్ధం. మేస్తోంది.

నీ తల దించని మేనకోడలు,
లెటీ


లండన్,
మే 16, శనివారం.

లెటీ!

ఎర్రరంగేమిటే? నేను ఎర్రరంగు వెయ్యడమేమిటి? యాభై తొమ్మిదేళ్ళ మనిషిని, బెండ్లకి ఎర్రరంగు పూసుకుని తిరుగుతానా?

నాకంతా అర్థమైపోయింది. నేనిటు ఆసుపత్రికి రాగానే ఆ జెత్రోగాడు నా ముప్ఫై బుట్టలకీ రంగు మార్చి తనవని చెప్పుకోవాలని చూస్తున్నాడు. ఎంత తెగింపు! నువ్వు మాత్రం ఏమీ ఎరగనట్టు రోజూ లాగుతూనే ఉండు. ఎర్రవైతేనేం, పచ్చవైతేనేం, మనవి మనవే. ఇంకా పొద్దున్నే వెళ్ళు, వాడికి ఒక్క పీత కూడా మిగల్చకు.

జెత్రోకి ఈ పోస్టులోనే విడిగా ఒక ఉత్తరం పడేస్తున్నాను. ఒకటిన్నర పేజీ. నర్సు ఊరికే ఒకసారి తొంగిచూసి "ఈ మాటలు కూడా రాస్తారా?" అంది. స్పెల్లింగు చూసిపెట్టమన్నాను.

కోపంలో ఆకలేసి ఆ తెల్ల చేప రెండు ముక్కలు తిన్నాను. అదీ వాడివల్లే.

మామయ్య


బర్లింగ్ గాప్,
మే 19, మంగళవారం.

మామయ్యా,

ఈ ఉత్తరం పడుకునే చదువు. ఎలాగూ లేవలేవనుకో.

నిన్న పొద్దున్న పడవ ఒడ్డుకి లాగుతుంటే జెత్రో వచ్చాడు. ఒక చేతిలో నీ ఉత్తరం, ఇంకో చేతిలో ఖాళీ బుట్ట. రేవులో ఉన్న అందర్నీ పిలిచి నీ ఉత్తరం పైకి చదివాడు. "పీతల దొంగా, రంగుల దొంగా, నీ మొహానికి కూడా ఎర్రరంగు పూస్తా" దాకా వచ్చేసరికి కాగితం ఉండచుట్టేశాడు. "నా బెండ్లకి నేను ఈస్టరుకి రంగేసుకున్నా! నా పెళ్ళాం ఉన్నప్పటినుంచి వేద్దామనుకున్న రంగు! వారంరోజులుగా నా బుట్టలు ఎవరో ఊడ్చేస్తుంటే పైగా నన్ను దొంగంటాడా?" అన్నాడు. నేను నా పడవలోకి చూశాను. అందరూ నా పడవలోకి చూశారు. నిండా అతని పీతలు.

అక్కడికక్కడే ఒప్పుకున్నాను మామయ్యా. ఏం చెయ్యను? దొరికినవన్నీ ఇచ్చేశాను, అమ్మేసినవాటికి బదులు నెలరోజులు అతని వలలు బాగుచేస్తానన్నాను. "గొర్రెలకాపరి కూతురికి పడవ ఇస్తే ఇంతే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ అతనిముందు ఏడవలేదు. ఇంటికొచ్చి కోళ్ళముందు ఏడ్చాను.

తర్వాత కూర్చుని ఆలోచించాను. నువ్వు ఏడుగురంటావు. నేను ఎనిమిది లెక్కపెట్టాను. మా నాన్న గొర్రెల వెనకాల చిన్నప్పట్నించీ ఆ కొండలమీద నడిచినదాన్ని. పైనుంచి ఎక్కి దిగితే ఎనిమిదే మామయ్యా! నమ్మకపోతే నా మోకాళ్ళని అడుగు. వికెన్సమ్మ గోడమీద పటంలో కూడా ఎనిమిది పేర్లున్నాయి. ఎవర్ని వదిలేస్తున్నావు నువ్వు? దయచేసి ఒక్కసారి పేర్లు వరసగా రాసిపెట్టు. కాగితం ఇంట్లోనే పెట్టి వెళ్తాను, ఒట్టు.

సిగ్గుతో,
లెటీ


లండన్,
మే 21, గురువారం.

ఓసి గొర్రెలకాపరి కూతురా,

మా అక్క ఆ కొండమీది మనిషిని చేసుకుంటానన్న రోజే చెప్పాను, ఎప్పటికో ఒకప్పుడు దీని ఫలితం మనకి తగుల్తుందని. ఇరవై ఆరేళ్ళకి తగిలింది.

ఎనిమిదెక్కడివే? నీళ్ళమీంచి చూడు, ఏడుగురే. రెండో ఆవిడకీ, అసలు మూడో ఆవిడకీ మధ్య ఒక చదునైన మనిషి నక్కి ఉంటుంది. ఆవిడ అక్కచెల్లెళ్ళలో లెక్క కాదు. చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయింది. ఎవరూ పట్టించుకోరు కాబట్టే జెత్రో అక్కడ బుట్టలు వేస్తాడు. నువ్వు ఆవిణ్ని మూడు అన్నావు. అదీ సంగతి.

పేర్లు రాయను. పోలికలు చెప్తాను, వాటితో గుర్తుపట్టు. మొదటావిడ మన రేవు పక్కనే, బద్ధకంగా వాలి ఉంటుంది. రెండో ఆవిడ నిటారుగా, ఎవరిమీదో అలిగినట్టు. తర్వాత చుట్టం, వదిలెయ్. ఆ తర్వాత మూడో ఆవిడ, ముక్కు ముందుకి పొడుచుకొచ్చి, కింద పచ్చగా నాచు మీసం. నా నల్ల బెండ్లు అక్కడ. పాపం పదిరోజులుగా ఎదురుచూస్తున్నాయి.

జెత్రోకి క్షమాపణ రాశాను. నాలుగు కాగితాలు చింపాక అయిదోదానికి వచ్చింది. నర్సు చదివి "ఇందులో క్షమాపణ ఎక్కడుంది?" అంది. ఆరోది ఆవిడే చెప్తుంటే రాశాను.

వాడు జవాబు వెంటనే కొట్టాడు. ఈసారికి సరేనట, ఇంకొక్క తప్పు జరిగితే పడవ తనకేనట, పబ్బులో అందరూ అదే అన్నారట. నేనూ ఒప్పుకున్నాను లెటీ. ఒప్పుకోక తప్పలేదు. ఇంకొక్కటే, గుర్తుంచుకో.

ఏడుపొస్తే కోళ్ళముందు ఏడవకు, గుడ్లు మానేస్తాయి.

మామయ్య


బర్లింగ్ గాప్,
జూన్ 1, సోమవారం.

మామయ్యా,

ఆ ఇంకొక్కటీ అయిపోయింది. నేను బతికే ఉన్నాను, జెత్రో బతికే ఉన్నాడు, నీ పడవకి గీత కూడా పడలేదు. ఇక విను.

పదకొండు రోజులుగా ఒకటే వాన. అయినా నేను మానలేదు. నీ నల్ల బెండ్లు నువ్వన్న చోటే దొరికాయి. జెత్రో కూడా రోజూ వస్తున్నాడు. వేటకి కాదు, నేను ఎవరి బుట్ట లాగుతున్నానో కాపలా కాయడానికి! కొండకి ఆనుకుని పడవ ఆపి, టోపీ కళ్ళమీదకి లాక్కుని, ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చుంటాడు. "మొదటి బుట్ట. సరే. రెండో బుట్ట. సరే" అని పైకి చెప్తుంటాడు. చిరాకేసినా ఊరుకున్నాను.

ఇవాళ వాన వెలిసింది. పైన గులకరాళ్ళు రాలుతున్న చప్పుడైంది. తలెత్తితే నీ మూడో ఆవిడ నెత్తిమీద సన్నటి నల్లగీత, చూస్తుండగానే వెడల్పవుతోంది. జెత్రో సరిగ్గా దానికింద టీ పోసుకుంటున్నాడు.

"జెత్రో మామా, లాగు, లాగు!" అని అరిచాను.

"ఏంటి?" అన్నాడు.

"కూలుతోంది! తప్పుకో!"

"ఎవరు?"

"మూడో ఆవిడ!"

"ఎటునుంచి మూడు?" అన్నాడు మామయ్యా! అతను ఇవాళ పడమటి చివరున్న కుక్‌మియర్ వైపునుంచి వచ్చాడు కదా, అటునుంచి లెక్కపెట్టడం మొదలెట్టాడు! వేలు పెట్టి ఒకటి, రెండు అంటూ నెత్తిమీద కొండ తప్ప అన్నీ చూస్తున్నాడు. ఇంక ఆగలేకపోయాను. ఊపిరంతా కూడదీసుకుని, పటంలో చూసిన ఆవిడ పేరే, "ఫ్లాగ్‌స్టాఫ్ పాయింట్!" అని అరిచాను. అతను ఎలాంటి తెడ్డు వేశాడంటే, ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు కూడా వెయ్యలేరు. మూడు వేట్లు పడ్డాయో లేదో ముక్కంతా ఊడి నీళ్ళలోకి దిగింది. సముద్రమంతా పాలలా తెల్లబడింది. అల వచ్చి ఇద్దర్నీ ఎత్తి కుదేసింది. అతని ఫ్లాస్కు పోయింది, టోపీ పోయింది.

నేను దగ్గరికెళ్ళి "మామా, దెబ్బ తగిలిందా?" అంటే, ఒళ్ళంతా సుద్దతో ముగ్గుబుట్టలోంచి లేచినట్టున్న ఆ మనిషి ఏమన్నాడో తెలుసా? "నువ్వు పిలిచావ్. పేరు పెట్టి పిలిచావ్. అందుకే పడింది."

పబ్బులో ఇదే గొడవ. కొండ ముందు కదిలిందా, నేను ముందు పిలిచానా? ముందు గీత చూశానంటే, సాక్షి ఎవరంటారు. సాక్షి జెత్రో ఒక్కడే, అతను అప్పుడు టీలోకి చూస్తున్నాడు. కొండల్ని పిలిచినదానికి ఈ రేవులో పడవ ఉండకూడదన్నారు. శనివారం అందరూ కూర్చుంటారట. ఆఖరిమాట నీదేనట.

మామయ్యా, పడవ నీది, మాటా నీదే. జెత్రోకే ఇమ్మంటే ఇచ్చేస్తాను, హోటల్లో పక్కలు వెయ్యడం నేర్చుకుంటాను. కానీ ఒకటి చెప్తున్నాను, రేపు మళ్ళీ అలాగే జరిగితే మళ్ళీ పిలుస్తాను. కావాలంటే ఇంకా గట్టిగా పిలుస్తాను.

లెటీ


లండన్,
జూన్ 3, బుధవారం.

లెటీ,

ఇది శనివారం పబ్బులో నిలబడి పైకి చదువు. సిగ్గుపడి మధ్యలో వాక్యాలు మింగకు. ఇక్కణ్నుంచి మొదలు.

"బర్లింగ్ గాప్ పడవలవాళ్ళందరికీ ఈనస్ టిక్నర్ చెప్పుకునేది. జెత్రో, నువ్వు ముందు వరసలో కూర్చో.

మీ అందరికీ, నా మేనకోడలికి కూడా, పేరు పెట్టి పిలవకూడదని చెప్పినవాణ్ని నేనే. పోయినేడు వేసవికొచ్చిన దొరగారొకాయన నా పడవలో కూర్చుని పటం చదువుతుంటే నోరు మూయించినవాణ్ని కూడా నేనే. ఇప్పుడు నిజం చెప్తున్నాను.

ఇరవై నాలుగేళ్ళుగా నేను వాళ్ళని పిలుస్తూనే ఉన్నాను. మొదటిసారి మా అమ్మ పోయిన వారం. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. పొద్దున్నే పడవలో వెళ్తూ ఉండబట్టలేక 'వెంట్ హిల్, ఎలా ఉన్నావమ్మా' అన్నాను. అని, తెడ్డు వదిలేసి చేతుల్తో నెత్తి కప్పుకున్నాను. ఏమీ పడలేదు. మర్నాడు బెయిలీస్ హిల్‌ని కూడా అడిగాను. తర్వాత ఫ్లాగ్‌స్టాఫ్ పాయింట్, బ్రాస్ పాయింట్, రఫ్ బ్రౌ, షార్ట్ బ్రౌ, హేవెన్ బ్రౌ. ఎవరికీ తక్కువ చెయ్యలేదు. ఫ్లాట్ హిల్‌ని లెక్కలో వేసుకోను గానీ, పలకరించడం మానలేదు. పాపం, ఆవిడ మాత్రం ఏం చేసింది!

పడవలో ఒక్కణ్నే ఉన్న ప్రతిరోజూ, వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. మెల్లగా కాదు, నాకు చెవుడు కదా, గట్టిగానే. పేరు పెట్టి పిలిస్తే వాళ్ళు పడేట్టయితే ఈపాటికి సస్సెక్స్ మొత్తం గచ్చులా చదునైపోయేది.

పదకొండు రోజుల వాన తాగిన సుద్ద పడుతుంది, పిలిచినా పిలవకపోయినా. ఆ పిల్ల పిలవకపోతే ఈ శనివారం మీరు పబ్బులో కాదు, చర్చిలో జెత్రో శవపేటిక ముందు కూర్చునేవాళ్ళు.

పడవ లెటీ హోడ్‌ది. ఇది మిమ్మల్ని అడగడం కాదు, చెప్పడం. నేను వచ్చాక నన్ను చూసి నవ్వుకోవాలనుకున్నవాళ్ళు నవ్వుకోండి."

ఇక్కడితో ఆపు.

లెటీ, ఇదంతా రాసి నర్సుకి చదివి వినిపించాను, తప్పులుంటే దిద్దమని. ఒక్కటీ దిద్దలేదు. నా దిండు సర్దిపోయింది. ఈ ఉత్తరం విన్నాక వాళ్ళు నన్ను ఏ కళ్ళతో చూస్తారోనని భయంగా ఉంది. అయినా చదువు.

మామయ్య


బర్లింగ్ గాప్,
జూన్ 7, ఆదివారం.

మా మామయ్యకి,

చదివాను. ఒక్క ముక్క మింగలేదు. "మాట్లాడే మనిషి లేదు" దగ్గర కళ్ళలో నీళ్ళొచ్చి అక్షరాలు కనపడకపోతే వికెన్సమ్మ అందుకుని ఆ వాక్యం చదివింది.

చదివి కాగితం మడిచాను. పదకొండుమంది మగాళ్ళు, ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకుంటున్నారు. అయిపోయింది, మామయ్య పరువు నేనే తీసేశాను అనుకున్నాను.

అప్పుడు జెత్రో లేచాడు. మొహం అతని బెండ్లకంటే ఎర్రగా ఉంది. "నేను రఫ్ బ్రౌతో మాట్లాడతాను" అన్నాడు. "మా ఆవిడ పోయినప్పట్నుంచీ. రాత్రి కూరేం వండుకున్నానో చెప్తాను. ఉప్పెక్కువైతే అది కూడా చెప్తాను. నేనొక్కణ్నే ఇలా తయారయ్యాననుకున్నా" అని కూర్చుండిపోయాడు.

ఇంక చూడు మామయ్యా! మూలన కూర్చున్న ముసలి పెటిట్ తాత, తొంభయ్యేళ్ళ మనిషి, "షార్ట్ బ్రౌకి నేను పాటలు పాడతాను" అన్నాడు. వెంటనే ఇంకొకాయన "ఓహో, అది నువ్వా? నేను దెయ్యమనుకుని రెండేళ్ళు అటు పోలేదు" అన్నాడు. ఒకాయన బ్రాస్ పాయింట్‌ని తన కూతురి పెళ్ళికి పిలిచాడట. ఇద్దరన్నదమ్ములు ఒకే పడవలో వెళ్తూ, ఒకడు పడుకున్నాక ఒకడు పిలుస్తున్నారట, ఇరవయ్యేళ్ళుగా! పబ్బు పబ్బంతా నవ్వుల్తో ఊగిపోయింది. నవ్వి నవ్వి జెత్రో కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "ఎటునుంచి మూడు అన్నాను కదూ?" అన్నాడు. అన్నావన్నాను. "చచ్చేవాణ్ని కదే పిల్లా" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంకా నొప్పిగానే ఉంది.

ఆదివారం వేటకి వెళ్ళకూడదని తెలుసు. అయినా ఇవాళ పొద్దున్న ఊరికే చూసొద్దామని నేను పడవ దింపితే, వెనకే అయిదు పడవలు దిగాయి. అందరం దూరంగా, పడేవి తగలనంత దూరంగా నిలబడి ఒకేసారి మొదలెట్టాం. ఎవరికి నచ్చినవాళ్ళని వాళ్ళు, గొంతు చించుకుని! కొంగలు, కాకులు సహా పిట్టలన్నీ లేచిపోయాయి. పైన షికారుకొచ్చినవాళ్ళు మేం మునిగిపోతున్నామనుకుని తీరం కాపలావాళ్ళని పిలిచారు. వాళ్ళు తాళ్ళు భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది? ఎవరు మునిగారు?" అని అరిస్తే పెటిట్ తాత "ఎవరూ మునగలేదు బాబూ, పలకరించడానికొచ్చాం" అన్నాడు. వాళ్ళు మమ్మల్ని తిట్టిన తిట్లు నీ నర్సు వినకూడదు.

తర్వాత అందరూ ఒడ్డుకెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే ఉండిపోయాను. నా పడవలో. నా పడవ అని రాసి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను మామయ్యా, నవ్వకు. తెడ్లు లోపల పెట్టేసి నీళ్ళు ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళాను. వెంట్ హిల్ దగ్గర్నుంచి హేవెన్ బ్రౌ దాకా ఒక్కొక్కరి ముందూ ఆగి, పేరుపేరునా చెప్పాను, నెలాఖరుకి మా మామయ్య వస్తున్నాడని.

ఇరవై తొమ్మిదో తారీకు రైలుకి నేనూ జెత్రో మామా బండి పట్టుకుని స్టేషన్‌కి వస్తాం. ముందు ఇంటికి కాదు, నీళ్ళమీదకే.

నీ లెటీ